అమ్మ ఒంట్లో లేని ఎంజైము

అమ్మ ఆపరేషన్ అయ్యి 5 నెలలు దాటింది, ఇప్పటికి కుదురుగా కూర్చుని రాయగలుగుతున్నా. అమ్మని అడిగే రాస్తున్నా. "రాయవే, మనవాళ్ళు నలుగురు చదువుకుంటారు" అంది.

గాల్‌బ్లాడర్‌లో రాళ్ళు. ఏడాది నుంచి పూరీ తిన్నా పులిహోర తిన్నా కుడి డొక్కలో నొప్పని రాత్రంతా కూర్చునేది, మాత్రలతో నెట్టుకొచ్చి నెట్టుకొచ్చి ఇక లాభం లేదని విజయవాడ సూర్యారావుపేటలో ఒక ఆస్పత్రిలో ల్యాపరోస్కోపీకి ఒప్పుకుంది. గంటలో అయిపోయే ఆపరేషన్. పొద్దున 8 గంటలకి లోపలికి తీసుకెళ్ళారు, తొమ్మిదిన్నర కాకుండానే సర్జన్ గారు బయటికొచ్చి చిన్న స్టీలు గిన్నెలో రాళ్ళు చూపించారు, శనగగింజలంత ఉన్నాయి, నాన్న ఒక్కొక్కటీ లెక్కపెట్టాడు, 7. కాసేపట్లో రూములోకి తెచ్చేస్తాం అన్నారు. పది దాటింది, పదకొండు దాటింది, ఆ తలుపు తెరుచుకోవట్లేదు.

పదకొండున్నరకి మత్తు డాక్టర్ గారు బయటికొచ్చి నాన్న పక్కన కూర్చున్నారు, ఆవిడకి నా వయసే ఉంటుంది. "అమ్మగారి బీపీ, పల్సు, ఆక్సిజన్ అన్నీ బాగున్నాయండి, భయపడకండి. కండరాలు వదులు చెయ్యటానికి ఇచ్చిన మందు ఇంకా దిగలేదు, అందుకని ఊపిరి మిషనే ఇస్తోంది" అని చెప్పి, ఒక్క క్షణం ఆగి, "ఏమీ అనుకోకండి, మీరు వైశ్యులా?" అని అడిగారు.

నాన్న నా వంక చూశాడు. ఆపరేషన్ థియేటర్ బయట కూర్చోబెట్టి కులం అడుగుతారేంటని నాకు ఒళ్ళు మండింది నిజం చెప్పాలంటే. అవునండీ అన్నాం. ఆవిడ తలూపి, "అయితే సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైము లోపం అయ్యుంటుంది, నాకు అనుమానం వచ్చి ఇందాకే బ్లడ్ శాంపిల్ పంపించా" అన్నారు. నేను ఉలిక్కిపడ్డా. ఎందుకంటే గుంటూరు కొత్తపేటలో ఒక ల్యాబ్‌లో 11 ఏళ్ళుగా బయోకెమిస్ట్రీ సెక్షన్ చూస్తున్నా నేను, కోలినెస్టరేజ్ టెస్టు నా చేత్తో ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు. కానీ మాకు అది పురుగుమందు కేసుల టెస్టు, అంతే. పొలంలో మందు కొట్టి పడిపోయినవాళ్ళకి, పొరపాటున తాగేసినవాళ్ళకి రాస్తారు, మేం చేసి అంకె ఇచ్చేస్తాం. పురుగుమందుకీ మా అమ్మకీ ఏంటి సంబంధం అని బుర్ర పనిచెయ్యలేదు ఆ కాసేపు.

ల్యాబ్‌లో పనిచేస్తానని చెబితే నన్ను లోపలికి రానిచ్చారు. అమ్మ నిద్రపోతున్నట్టే ఉంది, నోట్లో గొట్టం, మిషన్ ఊదినప్పుడల్లా ఛాతీ లేస్తోంది. మణికట్టు దగ్గర రెండు స్టిక్కర్లు అంటించి వాటికి చిన్న మిషన్ వైర్లు తగిలించారు, బటన్ నొక్కితే నరంలోకి చిన్న కరెంటు వెళ్ళి బొటనవేలు లోపలికి ముడుచుకోవాలి. నొక్కారు. కదల్లేదు. నేను ఆ బొటనవేలునే చూస్తూ నిలబడ్డా, ఏళ్ళ తరబడి గడపకి పసుపు రాసి రాసి గోరు చుట్టూ ఆ రంగు దిగిపోయిన వేలు. అరగంటకోసారి నొక్కి చూస్తున్నారు. ఒంటిగంటకి సన్నగా వణికినట్టయింది. రెండుంబావుకి నాలుగు పల్సులిస్తే నాలుగుసార్లూ గట్టిగా కదిలింది. మూడింటికి గొట్టం తీశారు, కళ్ళు తెరిచి మొదట అడిగింది నాన్న టిఫిన్ తిన్నారా అని.

అన్ని గంటలూ అమ్మని మత్తులోనే ఉంచారు ఆవిడ. ఇది ఎంత పెద్ద సంగతో తర్వాత అర్థమైంది నాకు. ఆ మందు ఒంటిని కదలనివ్వదు గానీ స్పృహ తియ్యదు. తొందరపడి మత్తు ఆపేసి ఉంటే అమ్మకి మాటలు వినపడుతూ, అన్నీ తెలుస్తూ, కనురెప్ప కూడా ఎత్తలేని స్థితిలో పడి ఉండేది. ఆ డాక్టర్ గారి రుణం తీర్చుకోలేం.

రెండ్రోజులకి రిపోర్టు వచ్చింది. 210. మామూలు మనిషికి 5 వేల నుంచి 12 వేల యూనిట్ల మధ్యలో ఉంటుంది, కిట్‌ని బట్టి కాస్త అటూ ఇటూ. పురుగుమందు కేసుల్లో ఆ 210 చూస్తే మేం వెంటనే వార్డుకి ఫోన్ చేస్తాం. మా అమ్మ ఆ 210తోనే 58 ఏళ్ళు బతికింది, ఇద్దరు పిల్లల్ని కంది, అందరికీ వండిపెట్టింది, ఒక్కరోజు కూడా దానివల్ల ఏ ఇబ్బందీ పడలేదు. అదెలా అన్నదే నన్ను నిద్రపోనివ్వలేదు, అక్కడ మొదలైంది నా చదువు.

నరం కండరానికి ఏదైనా చెప్పాలంటే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని విడుదల చేస్తుంది. నరం కొసకీ కండరానికీ మధ్య సందు ఉంటుంది, వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదది. ఎసిటైల్‌కోలిన్ ఆ సందు దాటి కండరం మీద దాన్ని అందుకోటానికున్న రిసెప్టర్‌ని పట్టుకుంటే కండరం బిగుస్తుంది. మరి వదలాలంటే? నాన్నకి మిర్చి యార్డులో కమీషన్ కొట్టు, చిన్నప్పట్నుంచి చూసింది కాబట్టి నాకు యార్డే గుర్తొచ్చింది. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు దిగాయి, వేలంపాట అయింది, కాటా అయింది, వెంటనే హమాలీలు ఆ లాటు లేపేయాలి, లేపకపోతే వెనకున్న లారీ దింపటానికి చోటుండదు, కాసేపట్లో యార్డంతా ఆగిపోతుంది. సరుకు రావటం ఎంత అవసరమో లేవటమూ అంతే అవసరం. నరం దగ్గర ఆ లేపే పని చేసేది ఎసిటైల్‌కోలినెస్టరేజ్. ఒక్కో ఎంజైము అణువు సెకనుకి వేలకొద్దీ ఎసిటైల్‌కోలిన్ అణువుల్ని విరగ్గొట్టేస్తుంది, మన ఒంట్లో ఉన్న అత్యంత వేగమైన ఎంజైముల్లో అదొకటి. విరిగిన ముక్కల్లో కోలిన్‌ని నరం మళ్ళీ లోపలికి లాక్కుని కొత్త ఎసిటైల్‌కోలిన్ చేసుకుంటుంది, ఏదీ వృథా పోదు.

ఈ ఎంజైము కండరం దగ్గర సందులోనే ఒక తోకలాంటి కొల్లాజెన్‌తో లంగరేసినట్టు అతుక్కుని ఉంటుంది. మెదడులో నరకణాల పొరలకి అతుక్కుని ఉంటుంది, అక్కడ లంగరు వేరు. కంటిపాప, లాలాజల గ్రంథులు, చెమట గ్రంథులు, ఊపిరితిత్తుల గొట్టాలు, గుండె, పేగులు, మూత్రాశయం, ఎసిటైల్‌కోలిన్ ఎక్కడ పనిచేస్తుందో అక్కడల్లా దగ్గర్లోనే ఇదీ ఉంటుంది. నాకు ఆశ్చర్యమేసింది ఎర్రరక్తకణాల విషయం. అక్కడ ఏ నరమూ వచ్చి ముట్టుకోదు, అయినా కణం పైపొర మీద ఇదే ఎంజైము ఉంది, కార్ట్‌రైట్ అని ఒక బ్లడ్ గ్రూపు ఉందని ల్యాబ్ డిప్లొమా డీఎంఎల్‌టీలో చదివి మర్చిపోయా, ఆ గ్రూపుని నిర్ణయించేది ఈ ఎంజైము మీదున్న తేడానేనట. రోజూ రక్తంతో పనిచేసే నాకు ఇది ఇన్నాళ్ళు తట్టలేదు.

కథంతా మొదలైంది కప్ప గుండెతో. 1921లో ఆస్ట్రియాలో గ్రాజ్‌లో ఒట్టో లోవి అనే ఆయన ఒక కప్ప గుండెకి వచ్చే నరాన్ని ప్రేరేపించి దాన్ని నెమ్మదింపజేశాడు, ఆ గుండె చుట్టూ ఉన్న ద్రవాన్ని తీసి ఇంకో కప్ప గుండె మీద పోస్తే అదీ నెమ్మదించింది. అంటే నరం కరెంటుతో కాదు, ఏదో పదార్థంతో చెబుతోందన్నమాట. ఆ ప్రయోగం ఎలా చెయ్యాలో ఆయనకి కలలో తట్టిందని ఆయనే చెప్పుకున్నాడు. ఆ పదార్థమే ఎసిటైల్‌కోలిన్. 1926కల్లా దాన్ని నాశనం చేసే ఎంజైము గుండె కణజాలంలోనే ఉందని కూడా తేల్చారు. 1936లో హెన్రీ డేల్‌తో కలిపి నోబెల్ ఇచ్చారు.

ఇక అమ్మ సంగతికొస్తే, ఈ ఎంజైముకి ఒక తోబుట్టువు ఉంది. బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్ దాని పేరు, సూడోకోలినెస్టరేజ్ అన్నా ప్లాస్మా కోలినెస్టరేజ్ అన్నా అదే. మొదటి దాని జీన్ 7వ క్రోమోజోమ్ మీద ఉంటే దీనిది 3వ క్రోమోజోమ్ మీద. దీన్ని ఎక్కువగా తయారుచేసేది లివరు, తయారుచేసి రక్తంలోకి వదుల్తుంది, అందుకే లివరు బాగా పాడైనవాళ్ళలో ఈ అంకె పడిపోతుంది, గర్భిణుల్లో కూడా మామూలుగానే కొంత తగ్గుతుంది. రక్తంలోనే కాదు, ఊపిరితిత్తుల్లో, పేగుల్లో, గుండెలో, మెదడులో నరకణాలకి ఆసరాగా ఉండే గ్లియా కణాల్లో కూడా ఉంటుంది. ఇదీ ఎసిటైల్‌కోలిన్‌ని విరగ్గొట్టగలదు గానీ నెమ్మదిగా. మొదటి ఎంజైము అసలే లేకుండా పుట్టించిన ఎలుకలు బతకటానికి కారణం ఈ రెండోది కొంతమేర ఆ పని అందుకోవటమేనని తేలింది. దీనికి ఇంకో పెద్ద పని, రక్తంలోకి బయట్నుంచి వచ్చే ఈస్టర్ జాతి మందుల్ని విరగ్గొట్టటం. ప్రొకెయిన్ లాంటి పాత మత్తుమందులు, కొకెయిన్, ఆస్పిరిన్‌లో కొంత భాగం, అన్నిటికంటే ముఖ్యంగా స్కోలిన్.

స్కోలిన్ అసలు పేరు సక్సామెథోనియం. ఆపరేషన్‌కి ముందు గొంతులో గొట్టం వెయ్యాలంటే కండరాలన్నీ ఒక్క నిమిషంలో వదులైపోవాలి, ఆ పనికి దీన్ని మించింది లేదని దశాబ్దాలుగా వాడుతున్నారు. దాని నిర్మాణం చూస్తే రెండు ఎసిటైల్‌కోలిన్‌లని వీపులకి వీపు అతికించినట్టు ఉంటుంది. అందుకే రిసెప్టర్ మోసపోయి పట్టుకుంటుంది, కండరాలు ఒకసారి ఒళ్ళంతా సన్నగా అదిరి ఆ తర్వాత చచ్చుబడతాయి. కానీ సందులో ఉన్న మొదటి ఎంజైము దీన్ని విరగ్గొట్టలేదు. విరగ్గొట్టేది రక్తంలో ఉన్న రెండోదే. మామూలు మనిషిలో ఇంజక్షన్ ఇచ్చిన మందులో చాలా భాగాన్ని కండరం దాకా వెళ్ళకముందే దార్లోనే రక్తం నమిలేస్తుంది, మిగిలిన కొంచెమే కండరాన్ని చేరుతుంది, అందుకే 5 నుంచి 10 నిమిషాల్లో దిగిపోతుంది. అమ్మ రక్తంలో నమిలేవాళ్ళే లేరు. ఇచ్చిందంతా నేరుగా కండరాలకి చేరి అక్కడే కూర్చుంది, కిడ్నీల ద్వారా, ఇంకా నెమ్మదైన దారుల్లో మెల్లమెల్లగా పోవాలి. అదీ ఆ ఆరు గంటల లెక్క.

ఇలాంటప్పుడు విరుగుడు ఇంజక్షన్ ఇవ్వచ్చుగా అని నాన్న అడిగాడు. మామూలుగా ఆపరేషన్ చివర ఇచ్చే నియోస్టిగ్మిన్ ఈ ఎంజైముల్నే అడ్డుకునే మందు, ఇక్కడ ఉన్న కాస్తని కూడా ఆపేస్తుంది, లాభం లేదు. మిషన్ మీద ఉంచి, మత్తులో ఉంచి, ఓపికపట్టటమే వైద్యం.

మరి 58 ఏళ్ళు ఎందుకు తెలియలేదు? నేను మామూలు కాన్పు. తమ్ముడు సిజేరియన్ గానీ వెన్నులో ఇంజక్షన్ ఇచ్చి చేశారు, అందులో వాడే బూపివకెయిన్ వేరే జాతిది, లివరు చూసుకుంటుంది దాన్ని, ఈ ఎంజైముతో పనిలేదు. పంటికి ఇచ్చే లిగ్నోకెయిన్ కూడా అంతే. పూర్తి మత్తు ఇచ్చి గొట్టం వేసిన మొదటి ఆపరేషన్ అమ్మ జీవితంలో ఇదే.

ఇక్కడ నాకు కోపం తెప్పించిన సంగతి ఒకటి చెప్పాలి. మా మేనత్తకి ఇరవై ఏళ్ళ కిందట అపెండిక్స్ ఆపరేషన్ అయింది, పొద్దున చేస్తే సాయంత్రం దాకా లేవలేదు, ఇంట్లో అందరూ ఏడుపులు, అది మా ఇంట్లో కథలాగా చెప్పుకునేవాళ్ళు. ఆస్పత్రివాళ్ళు "మత్తు పడలేదండీ, ఒంటి తత్వం" అని పంపించేశారట. డిశ్చార్జి కాగితంలో ఒక్క ముక్క రాయలేదు, ఆ కాగితం ఇప్పటికీ అత్త బీరువాలో ఉంది, తీయించి చూశా. ఒక్క లైను రాసుంటే, "ఈవిడకి స్కోలిన్ ఇవ్వొద్దు, ఇంట్లోవాళ్ళకి టెస్టు చేయించండి" అని ఒక్క లైను, మొన్న అమ్మకి ఈ గండం ఉండేదే కాదు. అమ్మ పెళ్ళయి వచ్చిన కోడలే కదా, అత్తతో సంబంధమేంటి అంటారేమో, నాన్నకి అమ్మ సొంత మేనమామ కూతురు, రెండు కుటుంబాలూ ఒకటే.

డాక్టర్ గారు కులం ఎందుకు అడిగారన్నది కూడా అక్కడే ఉంది. వైశ్యుల్లో ఈ లోపం మిగతావాళ్ళకంటే దాదాపు 100 రెట్లు ఎక్కువని పరిశోధనల్లో తేలింది. ఈ ఎంజైము ప్రోటీన్‌లో 307వ స్థానంలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సిన చోట ప్రోలిన్ అనే ఇంకోటి వచ్చి పడింది, ఆ ఒక్క మార్పుతో ఎంజైము నిలబడదు, 2006లో మన వైశ్యుల రక్తంలోనే దాన్ని పట్టుకున్నారు. తర్వాత 2017లో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా ఉన్న ఒక పెద్ద అధ్యయనం భారతదేశంలో ఇలా తమలో తాము పెళ్ళిళ్ళు చేసుకుంటూ వచ్చిన గుంపుల గురించి రాస్తూ మన వైశ్యుల్నే ఉదాహరణగా చూపించింది. ఎప్పుడో రెండు మూడు వేల ఏళ్ళ కిందట కొద్దిమంది పూర్వీకుల నుంచి విస్తరించిన గుంపు మనది, ఆ కొద్దిమందిలో ఒకరిద్దరి దగ్గరున్న తేడా లక్షలమందికి పాకింది. గోత్రాలు తప్పించి చేసుకున్నా ఆ పాత మూలం ఒకటే కదా. ఇది ఏ మచ్చా కాదు, సిగ్గుపడేదేం లేదు. ప్రతి గుంపుకీ ఇలాంటిది ఏదో ఒకటి ఉంటుంది, మనది అదృష్టవశాత్తూ ముందే తెలిస్తే చాలు పూర్తిగా తప్పించుకోగలిగేది.

మా ల్యాబ్ సార్ పర్మిషన్ తీసుకుని ఒక ఆదివారం మా ఇంట్లో అందరి శాంపిల్స్ తీశా. ఈ టెస్టు చూడటానికి చాలా ముచ్చటగా ఉంటుంది, కిట్ రీజెంట్ లేత పసుపు రంగులో ఉంటుంది, సీరం కలిపాక అందులో ఎంజైము ఉంటే పనిచేసి ఆ పసుపుని కరిగించేస్తుంది, ఎంత త్వరగా వెలిసిపోతే ఎంజైము అంత ఎక్కువ. 37 డిగ్రీల దగ్గర 405 నానోమీటర్ల వెలుగులో మిషన్ ఆ వెలిసే వేగాన్ని కొలుస్తుంది. నాన్నది పెట్టా, గ్రాఫు సగం ఏటవాలుగా దిగింది, 3,900. నాది 3,400. అంటే మా ఇద్దరికీ ఒక జీన్ మంచిది, ఒకటి పాడైంది. అత్తది పెట్టా, గీత స్కేలు పెట్టి గీసినట్టు అడ్డంగా ఉంది. అమ్మది మళ్ళీ పెట్టా, అంతే. పసుపు పసుపులాగే ఉండిపోయింది క్యువెట్‌లో. తమ్ముడు హైదరాబాద్ నుంచి ఆ వారమే వచ్చాడు, వాడిదీ అడ్డగీతే. 240. వాడికి 29 ఏళ్ళు, బైకు మీద తిరిగే మనిషి, రేపు ఏదన్నా యాక్సిడెంటై ఎమర్జెన్సీలో పడితే మొదట ఇచ్చే ఇంజక్షన్ స్కోలిన్ కావచ్చు. ఆ గీత చూసి నా చేతులు చల్లబడ్డాయి.

ఇంక రెండో సంగతి, నా ఉద్యోగానికి సంబంధించింది. నాన్న కొట్టుకి సరుకు తెచ్చే రైతు ఒకాయన, ప్రత్తిపాడు వైపు ఊరు, ఆ మధ్య మిర్చికి తామర పురుగని తైవాన్ స్ప్రేయర్‌తో మందు కొట్టాడు. ఎండకి చొక్కా విప్పేసి, గాలికి ఎదురెళ్ళి, మందు చేత్తోనే కలిపి. సాయంత్రానికి నోట్లోంచి చొంగ, ఒళ్ళంతా చెమటలు, వాంతులు, చూపు మసక, ఆస్పత్రికి తెచ్చేసరికి కంటిపాపలు ఆవగింజలంతై తొడ కండరాలు అదురుతున్నాయి. ప్రొఫెనోఫాస్, మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్ ఇవన్నీ ఆర్గానోఫాస్ఫేట్ జాతి. 1991లో టార్పీడో చేప నుంచి తీసిన ఎసిటైల్‌కోలినెస్టరేజ్ రూపం కనిపెట్టినప్పుడు తెలిసిందేంటంటే, ఆ ఎంజైములో పని జరిగే చోటు ఒక లోతైన సన్నని బావి అడుగున ఉంది, అక్కడ సెరిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. ఈ మందులు వెళ్ళి ఆ సెరిన్‌కే అంటుకుంటాయి. ఇక ఆ ఎంజైము పనిచెయ్యదు. హమాలీలు లేని యార్డు. ఎసిటైల్‌కోలిన్ పేరుకుపోయి గ్రంథులన్నీ కారటం, గుండె నెమ్మదించటం, ఊపిరితిత్తుల్లో తేమ నిండటం, చివరికి ఊపిరి కండరాలే అలిసిపోవటం. అట్రోపిన్ ఇస్తే గ్రంథులూ ఊపిరితిత్తులూ ఆరతాయి గానీ కండరాల నీరసం దానితో పోదు, అందుకే పామ్ ఇంజక్షన్ కూడా ఇస్తారు, సెరిన్‌కి అంటుకున్నదాన్ని ఊడగొట్టటానికి, అదీ ఆలస్యం కాకముందే, ఎందుకంటే కొంతసేపయ్యాక ఆ అతుకు గట్టిపడిపోయి ఇక ఊడదు. ఒక్కోసారి బాగున్నాడు అనుకున్నాక రెండు మూడు రోజులకి మెడ, ఊపిరి కండరాలు మళ్ళీ నీరసించిపోతాయి, అందుకే తొందరపడి ఇంటికి తీసుకెళ్ళిపోకూడదు.

ఆ రైతు శాంపిల్ మా ల్యాబ్‌కే వచ్చింది, మొదటిరోజు 1,100, తర్వాత 900, మూడు వారాలకి 3,800, ఇప్పుడు బాగున్నాడు, మొన్న సీజన్‌లో టిక్కీలు తెచ్చాడు కూడా. అప్పుడు నేను అంకెలిచ్చి ఊరుకున్నా. ఇప్పుడు మళ్ళీ ఆ రిజిస్టరు తీసి చూస్తే వేరేగా కనపడుతోంది. మేం కొలిచింది రక్తంలో తిరిగే రెండో ఎంజైముని. ఆయన్ని మంచాన పడేసింది నరం దగ్గరున్న మొదటి ఎంజైము చచ్చుబడటం. రక్తంలోది పోతే మనిషికేం కాదు, మా అమ్మే సాక్ష్యం. కాకపోతే విషం రెంటినీ కొడుతుంది కాబట్టి, రక్తంలోది తేలిగ్గా దొరుకుతుంది కాబట్టి, దాన్ని చూసి అక్కడ ఏం జరుగుతోందో ఊహిస్తున్నాం. నరం దగ్గరున్నలాంటిదే కావాలంటే ఎర్రకణాల మీదున్నదాన్ని కొలవాలి, అది ఇంకా నిజమైన లెక్క చెబుతుంది, కానీ కణం కొత్త ఎంజైము చేసుకోలేదు, 120 రోజుల్లో కణాలు మారుతూ పోతే రోజుకి ఒక శాతం చొప్పున కోలుకుంటుంది. లివరు చేసేది మాత్రం వారాల్లోనే తేరుకుంటుంది.

ఇప్పుడు ఆలోచించండి, మా తమ్ముడులాంటి కుర్రాడు ఎప్పుడైనా వేరే ఏ కారణంతోనో స్పృహ తప్పి ఆస్పత్రిలో పడ్డాడు, ఎవరో అనుమానంతో కోలినెస్టరేజ్ రాశారు, 240 వచ్చింది. పురుగుమందు తాగాడని ముద్రపడిపోతుంది. తాగని మనిషికి అట్రోపిన్, పోలీసు కేసు, ఇంట్లోవాళ్ళకి గుండెకోత. అందుకే ఇప్పుడు అంకె మరీ తక్కువొచ్చి లక్షణాలేం రాయకపోతే నేను వార్డుకి ఫోన్ చేసి కంటిపాపలు ఎలా ఉన్నాయి, చెమటలున్నాయా అని అడుగుతున్నా, వారం తర్వాత మళ్ళీ శాంపిల్ పంపమంటున్నా. విషమైతే అంకె పెరుగుతుంది, పుట్టుకతో లోపమైతే అక్కడే ఉంటుంది.

ఈ ఎంజైముని కావాలని కొంచెం అడ్డుకునే మందులు కూడా ఉన్నాయి, మతిమరపు జబ్బుకి డోనెపెజిల్, రివాస్టిగ్మిన్, కండరాలు నీరసించే మయస్థీనియా జబ్బుకి పైరిడోస్టిగ్మిన్. మతిమరపులో సరుకు తక్కువ, మయస్థీనియాలో దాన్ని అందుకునే రిసెప్టర్లు తక్కువ, కాబట్టి ఉన్న సరుకుని కాసేపు లేపకుండా ఉంచటం. దాని గురించి ఎప్పుడైనా విడిగా రాస్తా.

మనవాళ్ళు చెయ్యాల్సింది మాత్రం గట్టిగా చెబుతున్నా. ఏ ఆపరేషన్‌కి వెళ్ళినా మత్తు డాక్టర్ గారు ముందురోజు చూడటానికి వచ్చినప్పుడు, వాళ్ళు అడగకపోయినా, మేం వైశ్యులం అని చెప్పండి, ఇంట్లో ఎవరైనా ఆపరేషన్ తర్వాత ఆలస్యంగా లేచి ఉంటే అదీ చెప్పండి. సీరం కోలినెస్టరేజ్ చిన్న టెస్టు, మామూలు బ్లడ్ శాంపిల్ చాలు, ఉపవాసం కూడా అక్కర్లేదు. తక్కువొస్తే స్కోలిన్, ఇదే ఎంజైముతో విరిగే మివాక్యూరియం రెండూ మానేస్తారు, కండరాలు వదులు చేసే వేరే మందులు రోక్యురోనియం, వెక్యురోనియం, అట్రాక్యూరియం లాంటివి హాయిగా వాడుకోవచ్చు, వాటికి ఈ ఎంజైముతో పనిలేదు. మానసిక వైద్యంలో కరెంటు ట్రీట్‌మెంటు ఇచ్చేముందు, హడావుడిగా పూర్తి మత్తు ఇచ్చి చేసే సిజేరియన్‌లో కూడా స్కోలిన్ వాడతారు, కాబట్టి కడుపుతో ఉన్న ఆడపిల్లలు మరీ ముఖ్యంగా. ఇంట్లో ఒకరికి తక్కువొస్తే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, పిల్లలు అందరూ చేయించుకోవాలి.

అమ్మకి, తమ్ముడికి చిన్న కార్డులు చేయించా, బ్రాడీపేటలో జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించి. ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లీషు, ఎర్రక్షరాలతో స్కోలిన్ ఇవ్వకూడదని, కింద అంకె, తేదీ, మత్తు డాక్టర్ గారి ఆస్పత్రి నంబరు. తమ్ముడు పర్సులో లైసెన్సు పక్కన పెట్టుకున్నాడు. అమ్మ పర్సు వాడదు, దేవుడి గూట్లో కన్యకాపరమేశ్వరి పటం వెనక పెట్టింది, బయటికి వెళ్ళేటప్పుడు చేతిసంచీలో వేసుకోమని నేను రోజూ గుర్తుచేస్తున్నా.

నిన్న అత్త నరసరావుపేట నుంచి ఫోన్ చేసింది. మోకాలి ఆపరేషన్ అంటున్నారంట వచ్చే నెల్లో. "ఏమే, ఆ అట్టముక్క నాక్కూడా ఒకటి చేయించి పెట్టవే, ఈసారి డాక్టరుకి నేనే చూపిస్తా" అంది. పొద్దున డ్యూటీకి వెళ్తూ జిరాక్స్ షాపులో ఇచ్చేసి వెళ్ళా, ల్యాబ్ రిజిస్టరులోంచి అత్త అంకె చూసి రాశా, 190.